పెరుగు పెట్టిన రోజు నలుగు

మా అత్తగారింట్లో రెండు గేదెలున్నాయి. పొద్దునా సాయంత్రం పాలకేంద్రానికి పాలు పోస్తారు. అలాంటి ఇంట్లో నా కూతురికి ఒక్క చెంచా పెరుగు పెట్టడానికి నేను యుద్ధం చేయాల్సి వచ్చింది.

నాకు చిన్నప్పటినుంచీ ఎగ్జిమా. మోచేతుల మడతల్లో చర్మం నల్లబడి మొద్దుబారి ఉంటుంది. పెళ్లయి చోడవరం వచ్చిన కొత్తలోనే అత్త దాన్ని చూసి గజ్జి అంది. కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట మార్చలేదు. వినపడక కాదు, పొగరు. పాపకు అన్నం ముట్టించిన మర్నాడే పెరుగు గిన్నె తీసి అటక మీద పెట్టింది.

"ఈ గుంటకి పెరుగు పెట్టేవంటే నీ గజ్జి దానికీ వచ్చేస్తాది, సూసుకో," అంది.

అనకాపల్లిలో పిల్లల డాక్టరమ్మ వేరేగా చెప్పింది. నాకుంది కాబట్టి పాపకూ రావచ్చు, అలాగని పెరుగు ఊరికే ఆపేయొద్దంది. తాగడానికి పాలు ఏడాది నిండాకే. పెరుగు మాత్రం ఇప్పుడే, పొద్దునపూట, ఒక చెంచా. ఆ రోజు కొత్తదేదీ నోటికీ ఒంటికీ తగలకూడదు. మొహం వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే తీసుకురావాలి. మా ఆయన పక్కనే కూర్చుని అంతా విన్నాడు. ఇంటికొచ్చాక తల్లి ముందు నోరు విప్పలేదు. ఆయనగారికి ఫోన్లో క్రికెట్ ఉంది.

మర్నాడు పొద్దున అత్త ఎదురుగానే చెంచాడు పెరుగు పెట్టాను. పాప మొహం ముడిచి, చప్పరించి, మళ్లీ నోరు తెరిచింది. అత్త చీపురు విసిరికొట్టి గేదెల దగ్గరికి పోయింది. మధ్యాహ్నం దాకా పిల్ల ఒళ్లు నిమ్మళంగానే ఉంది. నేను పెరట్లో బట్టలు ఉతికి వచ్చేసరికి అత్త దానికి స్నానం చేయించేసింది. సాయంత్రానికి వీపు, పొట్ట, కాళ్లు ఎర్రగా కందిపోయాయి. పిల్ల ఒకటే ఏడుపు.

అత్త అరుగు మీద నిలబడి పక్కింటికి వినపడేలా అందుకుంది. "నాను సెప్తే ఇన్నాదా? దాని గజ్జి పిల్లకి ఎక్కించీసింది."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ పాప మొహం చూశాను. పెరుగు పూసుకున్న మూతి చుట్టూ ఒక్క మచ్చ లేదు. స్నానాల గదిలోకి వెళ్తే గిన్నె అడుగున సెనగపిండి, పసుపు కలిపిన నలుగు ఉంది. పిల్లకు అంతకుముందెప్పుడూ నలుగు పెట్టలేదు.

"ఇదేటత్తా?" అన్నాను గిన్నె చూపించి.

"నానేటి సేసేను? నీ పెరుగు దోసం పోవాలని గట్టిగా రుద్దేను."

ఆ గిన్నె ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించింది. అంత కోపం ఇప్పటికీ ఉంది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. పిల్లదీ నాలాంటి చర్మమే, నలుగు పడలేదంది. నలుగు మానేసి, ఆవిడిచ్చిన క్రీము రాస్తే ఎరుపు తగ్గింది. అప్పుడు మళ్లీ పెరుగు పెట్టాను. ఏమీ కాలేదు. రోజూ కొంచెం కొంచెం పెంచాను, అప్పుడూ ఏమీ కాలేదు.

ఒక రోజు మజ్జిగ కోసం వచ్చిన పక్కింటావిడ పెరుగన్నం తింటున్న పాప చెయ్యి నిమిరి, ఎంత నున్నగా ఉందో అంది.

"మా ఇంటి తోలమ్మా అది. మా వోళ్లకి ఏటీ అవదు," అంది అత్త.

"అయితే రేపు మళ్లీ నలుగు రుద్దండత్తా. ఎవుల తోలో ఈ అమ్మ కూడా సూసి ఎల్తాది," అన్నాను.

అత్త మజ్జిగ చెంబు ఆవిడకివ్వకుండానే పట్టుకుని లోపలికి పోయింది.