జీపీఎస్ దారి తప్పించలేదు

మా వాకింగ్ బృందంలో ఎవరిని కదిపినా ఒకటే కథ చెప్తారు. మేడం మెషీన్ పట్టుకొని అందరినీ ఆదిలాబాద్ అడవిలో దారి తప్పించిందట, పసులు కాసే ముసలాయన కనబడకపోతే ఆ రాత్రి అందరూ పులుల నడుమ పడుకునేవాళ్ళట. ఈ కథను నేను డ్యాం కట్ట మీద విన్నాను. ఒక పెళ్ళిలో భోజనాల బంతిలో విన్నాను. చివరికి మా బడి స్టాఫ్ రూంలో, ఆ అడవి మొహం కూడా చూడని లెక్కల టీచర్ నోట విన్నాను. ఆమె చెప్పినదాంట్లో పులి రెండుసార్లు గాండ్రించింది కూడా! పులి లేదు. మెషీన్ దారి తప్పించలేదు. మేడం అసలే తప్పించలేదు. ఆ మేడం నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కరీంనగర్‌లో పొద్దున్నే డ్యాం కట్ట మీద నడిచే తొమ్మిది మందిమి మేము. ఏడాదిలో రెండు మూడుసార్లు వ్యాన్ మాట్లాడుకొని ఏ గుట్టకో, జలపాతానికో పోయి రోజంతా నడిచి వస్తాం. మాలో పెద్దాయన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. అందరం సారు అంటాం. నాకు దగ్గరి మనిషి మిషన్ కాంపౌండు వైపు నుంచి వచ్చే ఒక నర్సు. నాకంటే ఆరేళ్ళు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. నేను ప్రభుత్వ బడిలో సోషల్ చెప్తాను. అక్షాంశాలు, రేఖాంశాలు ఇరవై ఏళ్ళుగా చాక్‌పీసుతో గీసి గీసి చేతులు అరిగినదాన్ని. అందుకే మా నడకల్లో దారి చూసే పని నేనే తీసుకున్నాను. నన్ను అడక్కుండా నా నెత్తిన పెట్టిన పనులు ఇంట్లో, బడిలో బోలెడున్నాయి. కోరి తీసుకున్న పని ఇదొక్కటే.

ఫోన్ ఉండగా ఇంకో మెషీన్ ఎందుకని అందరూ అడిగారు. ఆదిలాబాద్ అడవుల వైపు జన్నారం దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే దించి పెట్టుకోవచ్చు, నిజమే. కానీ మావాళ్ళ ఫోన్లు ఫోటోలతో, వీడియోలతో మధ్యాహ్నానికే ప్రాణం విడుస్తాయి. అందుకే చేతిలో పట్టుకునే జీపీఎస్ కొనాలని మా తమ్ముణ్ణి తోడు తీసుకొని సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి పోయాను. అడిగింది నేను. అమ్మే అబ్బాయి మాత్రం మా తమ్ముడి మొహంలోకి చూసి చెప్పడం మొదలుపెట్టాడు.

"సార్, ఇది టచ్ స్క్రీన్. ఫోన్ లెక్కనే ఉంటది."

"నాకు చెప్తవేందన్నా? కొనేది మా అక్క. నాకు మా గల్లీ దాటితే తొవ్వ తెల్వది" అన్నాడు మా తమ్ముడు.

అతడు నావైపు తిరిగి గొంతు తియ్యగా చేశాడు. "మేడం, లేడీస్‌కైతే గిది చిన్నగ, ముద్దుగ ఉంటది."

"ముద్దు నాకెందుకయ్యా? దట్టమైన చెట్ల కింద గూడ ఉపగ్రహాలు దొరకవడ్తదా లేదా, అది చెప్పు."

తెలుసుకొని వస్తానని లోపలికి పోయాడు. అతడు వచ్చేలోపు నేనే ఎంచుకున్నాను. చెమట చేతులతో, వానలో టచ్ స్క్రీన్ మాట వినదు; నాకు నొక్కే బటన్లు కావాలి. ఛార్జింగ్ అయిపోతే అడవిలో ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది? గోడ గడియారంలో వేసే సెల్లులైతే ఉట్నూరులో ఏ కిరాణా కొట్టులోనైనా ఉంటాయి. ఎండలో తెర మీది అక్షరాలు కనబడతాయో లేదో చూద్దామని దుకాణం బయటికి పట్టుకొచ్చాను. వాచ్‌మన్ నా వెంటే పరిగెత్తుకొచ్చాడు. పారిపోయే వయసా నాది?

కొన్నాక నెల రోజులు కట్ట మీద దాంతోనే నడిచాను. "ఏం మేడం, కట్ట మీద గూడ తొవ్వ తప్పుతరా?" అని ఒకరు, "టీవీ రిమోట్ పట్టుకొచ్చిండ్రా?" అని ఒకరు. నవ్వుకోనీ అని నేర్చుకున్నాను. ఆన్ చేయగానే నడక మొదలుపెట్టకూడదు, ఆకాశం కనబడేచోట కొన్ని నిమిషాలు నిలబడాలి. ఒకచోట గుర్తు పెడితే దానికి అదే ఒకటి, రెండు అని నంబరు వేసుకుంటుంది. తర్వాత ఆ నంబరు ఎంచుకుంటే బాణం అటు చూపిస్తుంది. అయితే బాణం చూపించేది పక్షి ఎగిరే దారి. నడుమ వాగుందా, లోయ ఉందా దానికి పట్టదు. తిరిగి రావడానికి వేరే పద్ధతి ఉంది. మనం నడిచిన బాటను అది గీత గీసి దాచుకుంటుంది. ఆ గీత పట్టుకొని వెనక్కి వస్తే వచ్చిన దారినే వస్తాం. ఇదంతా నేను అందరికీ చెప్పాను. సారు ఇడ్లీ తింటూ తలూపాడు.

వానలు వెనకపట్టాక ఉట్నూరు అవతల ఒక జలపాతానికి బయలుదేరాం. అటవీశాఖవాళ్ళు నడిచేవాళ్ళను పంపించే బాటే అది. రోడ్డు అడవిలోకి దిగేచోట మైసమ్మ గుడి ఉంది. మావైపు ఏ బండైనా అక్కడ ఆగాల్సిందే. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే కదలాలి. అంతవరకు బాగానే ఉంది. సారు మాత్రం నా చేతిలోని మెషీన్ తీసుకొని దానికీ బొట్టు పెట్టాడు.

"కొత్త సామాను మేడం. మొదటి గుర్తు అమ్మ కాడ్నే పెట్టుండ్రి. షురువాతు మంచిగుండాలె."

నడక ఇక్కడ మొదలు కాదు కదా అన్నాను. మిగిలిన ఎనిమిది మందీ గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు, కాయ కొట్టే సమయంలో వాదన ఏమిటన్నట్టు చూశారు. పెట్టేశాను. కట్ట మీద పెట్టిన గుర్తులన్నీ ముందే తుడిచేశాను కాబట్టి ఒకటో నంబరు పడింది. అక్కడినుంచి రోడ్డు వంకర్లు తిరిగి పోయాక వ్యాన్ ఆగింది. నడక మొదలయ్యేది అక్కడే, అక్కడ రెండో నంబరు పెట్టాను. ఒకటో నంబరును అప్పుడే తుడిచేయాల్సింది, తుడవలేదు. పేర్లన్నా రాయాల్సింది, రాయలేదు. ఈ తప్పు నాది. ఇంతవరకే నాది.

పొద్దున బండ్ల బాట వెంట జలపాతం దాకా నేనే ముందు నడిచాను. ఏ తకరారూ లేదు. తిరుగు ప్రయాణంలో సారు చెయ్యి చాపాడు.

"మేడం, మీరు జర దమ్ము తీసుకోండ్రి. నేను పట్టుకుంట."

పెద్దాయన అడిగాడని ఇచ్చాను. నేను వెనక నర్సు చెల్లెతో నడుస్తున్నాను. అరగంట గడిచేసరికి బండ్ల బాట పోయి కాళ్ళ కింద ఎండిన టేకాకులు చప్పుడు చేస్తున్నాయి. పొద్దున మేం టేకు చెట్ల నడుమ నుంచి రాలేదు.

"సార్, గిది మనమొచ్చిన బాట కాదు" అని అరిచాను.

"బాణం గిటే సూపిస్తుంది మేడం. మీ మెషీనే గద!" అందరూ నవ్వారు.

ఇంకొంత దూరం పోయాక వాగు అడ్డం వచ్చింది. పొద్దున మేం ఏ వాగూ దాటలేదు. గబగబా ముందుకు పోయి తెర చూశాను. ఒకటో నంబరు!

"సార్, ఒకటి మైసమ్మ గుడి. వ్యాన్ కాడ పెట్టింది రెండు. మీరు గుడికి తీస్కపోతుండ్రు."

"షురువైన కాడికే పోతున్నం గద. గుడి కాడికి చేరితే వ్యాన్‌ను ఆడికే పిలిపిద్దాం."

"ఏ సిగ్నల్ మీద పిలిపిస్తరు?"

"ఆడోళ్ళకు అడవిల ఉత్త పరేషానే" అని ఎవరితోనో అంటూ ఆయన రాళ్ళ మీద కాలు పెట్టాడు. మిగిలినవాళ్ళు ఆయన వెనకే దిగారు. అప్పుడు నర్సు చెల్లె నా మోచెయ్యి పట్టుకొని చెవిలో అంది: "అవునక్కా, గిది కాదు. మనం నీళ్ళల్ల దిగనేలే." అలా అంటూనే అందరితోపాటు తానూ దిగింది. నాలుగో రాయి మీద పాచికి కాలు జారి కూలబడింది. చీలమండ చూస్తుండగానే వాచింది.

అప్పుడు గుంజుకున్నాను ఆయన చేతిలోంచి. అవును, గుంజుకున్నాను, ఆ మాట కూడా కథలో చెప్తున్నారు, అదొక్కటీ నిజమే. రెండో నంబరు బాణం పట్టుకొని పోతే మళ్ళీ ఏ వాగులో పడతామో తెలియదు. అందుకే పొద్దుటి గీత తెరిచాను. ముందు వెనక్కి నడిచి బండ్ల బాట మీదికి, అక్కడినుంచి గీత వెంట. చెల్లెను ఇద్దరు చెరో భుజం పట్టి నడిపించారు. పొద్దు వాలుతుండగా, వ్యాన్ ఇంకో పది నిమిషాల నడక ఉందనగా, ఆవులను తోలుకొస్తున్న ముసలాయన ఎదురొచ్చాడు. సారు ఆయన్ను ఆపి, రోడ్డుకు ఇదేనా బాట అని అడిగాడు.

"హో, గిదే బాట. సీదా పొండ్రి" అన్నాడాయన, మేం ఎటు నడుస్తున్నామో అటే చెయ్యి చూపించి.

మమ్మల్ని కాపాడిన మహానుభావుడి పాత్ర ఇంతే. ఆయన ఆవులు కూడా ఆగలేదు.

మూడు వారాలు నర్సు చెల్లె డ్యూటీకి పోలేదు. నేను రోజూ పోయి చూసి వచ్చేదాన్ని. ఆ మూడు వారాల్లో కథ తయారై ఊరు తిరిగింది. ఆమె మళ్ళీ కట్ట మీదికి వచ్చిన రోజు టీ కొట్టు దగ్గర అందరం కూర్చున్నాం. వచ్చేసారి ఎటు పోదామన్న మాట వచ్చింది.

"ఈపారి తొవ్వ సంగతి నేను సూస్కుంట. మేడం టిఫిన్ల సంగతి సూస్తరు. మేడం చేతి ఉప్మా మస్తుంటది" అన్నాడు సారు.

సంచిలోంచి మెషీన్ తీశాను. పోయిన గీత, వచ్చిన గీత, టేకు చెట్లలోకి మళ్ళినచోటు, వాగు దగ్గర ఆగినచోటు, అన్నీ తెర మీద ఉన్నాయి. ఒక్కొక్కరి ముందు పెట్టి చూపించాను. సారు కళ్ళద్దాలు జేబులోంచి తీయలేదు. "గవన్నీ మాకేం సమజైతయి మేడం" అన్నాడు ఒకాయన. అప్పుడు నేను చెల్లె వైపు తిరిగి అడిగాను, "నువ్వు చెప్పు. ఆ రోజు నేను అన్ననా, అనలేదా?"

అందరూ ఆమెను చూశారు. ఆమె గ్లాసులో టీ చూసింది.

"ఇప్పుడు గవన్నీ ఎందుకక్కా? నా కాలు నొప్పి తక్కువైంది గద. ఇడిసిపెట్టు."

అంతే. దారి చూసే పని ఆ టీ తాగినంతసేపట్లో నా చేతిలోంచి పోయింది. ఆ తర్వాతి నడకకు నేను పోలేదు, ఉప్మా చేయలేదు. మెషీన్ బీరువాలో పెట్టలేదు. ఆదివారాలు ఒక్కదాన్నే ఊరి చుట్టూ గుట్టలకు పట్టుకొని పోతున్నాను, ఎక్కిన దారినే దిగి వస్తున్నాను. సారు తప్పు ఒప్పుకోలేదన్న కోపం ఉంది, కానీ ఆయన దగ్గర నేను అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఆశించలేదు. నర్సు చెల్లె సంగతి వేరు. ఆయన ఆమె పిల్లలకు చదువు చెప్పినవాడు, ఆమెకు ఎదురు చెప్పడానికి నోరు రాలేదేమో. ఉండొచ్చు. మేమిద్దరం ఇప్పటికీ పొద్దున కలిసే నడుస్తాం. ఆమె కోడలి సంగతి నుంచి ఆసుపత్రి సంగతి దాకా అన్నీ చెప్తుంది, నేను వింటాను. ఆ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి అడుగు వేగం పెంచుతుంది. కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. చెల్లె, ఎవరికీ వినబడకుండా నా చెవిలో నిజం చెప్పినదానివి, అందరూ వింటుంటే అదే మాట ఎందుకు చెప్పలేకపోయావు?