మా సారు వెతికిన సెంటర్

పోయిన గురువారం పొద్దున దోసె తిరగేస్తుంటే ఫోన్ మోగింది. కాలేజీలో నాతో రగ్బీ ఆడిన స్నేహితురాలు. మా జట్టులో మైదానం అంచున పరిగెత్తే వింగర్. "మన పీఈటీ సారు పోయిన్రు. నిద్రల్నే" అంది. దోసె మాడిపోయింది. పొయ్యి ఆపి, చెప్పులేసుకుని ఆబిడ్స్‌లో సారు ఇంటికి బయల్దేరాను.

ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు దొంగ అనుకున్నాను. అమ్మా నేనూ సుల్తాన్ బజార్‌లో మిక్సీ కొని వస్తున్నాం. ఎవరో మనిషి వెంటబడ్డాడని అమ్మ కనిపెట్టి, వెనక్కి చూడకుండా నడవమంది. నేను నడవలేదు, పరిగెత్తాను. మిక్సీ డబ్బా గుండెకు అదుముకుని, తోపుడు బండ్ల పక్క నుంచి, బేరాలాడే జనం మధ్య నుంచి, ఎవరికీ తగలకుండా బస్టాపు దాకా. పాపం అమ్మ పది నిమిషాల తర్వాత వచ్చి చేరింది.

మర్నాడు నాంపల్లిలో మా కాలేజీకి కొత్త పీఈటీ సారుగా ఆ దొంగే వచ్చారు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "నిన్న మిక్సీ పట్టుకొని ఉరికింది నువ్వే గదా? నాకు సెంటర్ దొరికింది" అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళావిడను గాజుల దుకాణం ముందు వదిలేసి నా వెనక పరిగెత్తారట. పన్నెండేళ్ళయినా ఆంటీ ఆ సంగతి ఆయన్ని మరిచిపోనివ్వలేదు.

మేం ఆడింది ఏడుగురి రగ్బీ. అందులో మధ్యన ఆడే సెంటర్ ఒక్కరే. దానికి ఆరడుగుల మనిషి కావాలని అందరూ అనుకుంటారు. సారు లెక్క వేరు. ఎత్తు మామూలుగా ఉన్నా చాలు, తొడలు మాత్రం రోకళ్ళలా ఉండాలి. భుజం బిగుసుకున్న తలుపును నెట్టేటట్టుండాలి. మొదటి పది అడుగులు పిల్లిలా దూకాలి. చేతులు మెత్తగా ఉండాలి, పొగలు కక్కే చాయ్ గ్లాసు అందుకున్నట్టు బంతి అందుకోవాలి. కళ్ళు ఎదురొచ్చేవాళ్ళ మీద ఉన్నా పక్కనున్న మనిషి ఎక్కడుందో తెలుస్తుండాలి. ఇదంతా చెప్పే ఆయన మడిచిన గొడుగులా ఉండేవారు. మేం నవ్వితే, "నన్ను చూడకున్రి, చెప్పేది వినున్రి" అనేవారు.

నేను ఆడతానంటే అమ్మ ససేమిరా అంది. సారు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, సెంటర్ ఆడే మనిషి ఒళ్ళు ఎలా ఉండాలో పావుగంట వర్ణించారు. అమ్మ ఓపిగ్గా విని, "మీకు కావలసింది ఆడపిల్లా అండీ, ఎద్దా?" అని అడిగింది.

సారు నిజంగానే కాసేపు ఆలోచించారు. "ఎద్దు పాస్ ఇయ్యదమ్మా" అన్నారు.

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. అలా నేను జట్టులో చేరాను.

తీరా చూస్తే పాస్ ఇవ్వడమే నాకు రాలేదు. మొదటి ఏడాది సెమీఫైనల్లో ఆఖరి నిమిషం, మేం మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. అవతలి జట్టులో ఇద్దరు నా మీదికే వస్తున్నారు. ఎడమ పక్క మా వింగర్ ఖాళీగా ఉండి అరుస్తోంది. దాటి బంతి ఆనిస్తే ఐదు పాయింట్లొచ్చే గీత నా కళ్ళ ముందే ఉంది. నేనే దాటాలనిపించింది. ఇద్దరూ కలిసి నన్ను పడేశారు. బంతీ పోయింది, మ్యాచూ పోయింది. వింగర్ నాతో మాట్లాడలేదు.

నాంపల్లి స్టేషన్ దగ్గర అందరికీ చాయ్ చెప్పి సారు నన్ను పక్కకు పిలిచారు. "నువ్వు గట్టిదానివే బిడ్డా. గని సెంటరంటే ఇద్దర్ని తన మీదికి గుంజుకొని మూడోదానికి తొవ్వ చేసేది. పేరు ఆమెకొస్తది, దెబ్బలు నీకొస్తయ్. గది నచ్చకుంటే చెప్పు, వేరే జాగల ఆడిస్త."

ఉక్రోషంతో రెండు రోజులు మైదానం మొహం చూడలేదు. మూడో రోజు వెళ్ళి, సెంటరే ఆడతానన్నాను.

మరుసటి ఏడాది అదే జట్టు మీద పాస్ ఇచ్చాను. వింగర్ ఆ గీత దాటింది, గెలిచాం. ఆ మ్యాచ్ ఫొటోలో ఆమె నవ్వుతూ బంతి నేలకు ఆనిస్తోంది. ఓ మూల ఇద్దరమ్మాయిల కింద నుంచి ఒక బూటు పొడుచుకొచ్చి ఉంది. సారు దాన్ని ఫ్రేము కట్టించి తన ఇంటి హాల్లో పెట్టారు. వచ్చినవాళ్ళు వింగర్‌ను మెచ్చుకుంటుంటే ఆగలేక, "గా బూటు మా సెంటర్‌ది" అని చూపించేవారు.

గురువారం మా జట్టువాళ్ళం నలుగురం ఆయన ఇంటికి చేరేసరికి మెట్ల దగ్గర గొడవ జరుగుతోంది. ఇల్లు మూడో అంతస్తు, మెట్లు ఇరుకు, మధ్యలో రెండు మలుపులు. పాడె ఎలా దించాలో తేలక సారు అన్నదమ్ముల కొడుకులు వాదించుకుంటున్నారు. ఒకాయన రెయిలింగు కోయించాలన్నాడు. గోడకానుకుని కూర్చున్న ఆంటీ తలెత్తింది. "ఆ పిల్లలకియ్యున్రి. దించుతరు" అంది.

ఆడవాళ్ళు పట్టకూడదని ఒక పెద్దాయన గొణిగాడు. ఆంటీ ఆయన వంక చూసింది. ఆయన పక్కకు జరిగాడు.

తల వైపు మిగతా ఇద్దరూ పట్టారు. పాదాల వైపు నేనూ వింగరూ పట్టుకుని వెనక్కి నడుస్తూ దిగాం. మలుపులో రెయిలింగు మీదుగా ఎత్తి తిప్పాం. నా భుజం గోడకు రాసుకుని తోలు లేచింది. ఆయనకు ఎక్కడా తగల్లేదు.

కింద గుమ్మంలో మగవాళ్ళు అందుకున్నారు. భుజాలకెత్తుకుని సందు చివర మలుపు తిరిగారు. ఇక కనబడలేదు. మేం నలుగురం అక్కడే నిలబడ్డాం. చేతులు ఇంకా ముందుకు చాచే ఉన్నాయి.