మైకక్క గురువారం

మా పిన్నికి లాండ్రీలో అందరూ కలిసి పెట్టిన పేరు మైకక్క. పెద్ద పెద్ద మిషన్లు తిరుగుతుంటే పక్క మనిషి దగ్గినా వినపడని చోట, పిన్ని మడత బల్ల దగ్గర నిలబడి "దుప్పట్లొస్తున్నాయి" అందంటే వెనకవైపు వ్యాన్లు ఆగే చోటి దాకా వినపడుతుంది. ఇంట్లోనూ అదే గొంతు. ఉప్పు అందుకోమన్నా పై అంతస్తు వాళ్లు ఉలిక్కిపడతారు.

నా చదువు మధ్యలో ఆగిపోయాక పిన్ని నన్ను తన ఇంటికి తెచ్చుకుని, అదే లాండ్రీలో, అదే బల్ల దగ్గర, తన పక్కనే పని ఇప్పించింది. నాకు మాట తక్కువ. ఆవిడ పక్కన నిలబడితే ఆ లోటు ఎవరికీ కనపడదు.

హోటళ్ల నుంచీ ఆసుపత్రుల నుంచీ దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు మాకు వస్తాయి. ముందు వాషింగ్ హాలు. అక్కడ నేలా తడే, మోచేతుల దాకా మనుషులూ తడే. తర్వాత ఆరబెట్టే మిషన్లు, ఇస్త్రీ రోలర్లు. చివర మా బల్ల. బట్ట మా దగ్గరికి వచ్చేసరికి వెచ్చగా, పెళపెళలాడుతూ ఉంటుంది. చలిగా ఉన్న రోజు అందరూ ఏదో ఒక వంక పెట్టుకుని మా దగ్గరికి వచ్చి, దుప్పట్ల మధ్య చేతులు దూర్చి కాచుకుని పోతారు.

ఎవరికి ఏ షిఫ్టు, ఎవరికి ఏ రోజు సెలవు అన్నది గుమ్మం పక్కన నల్లబోర్డు మీద ఉండేది. దాని మీద రాసే సుద్దముక్క వాషింగ్ హాలు పెద్దాయన జేబులో ఉండేది. కోపం వస్తే బుస్సుమని, కాసేపటికి తనే చల్లారిపోతాడని ఆయన్ని బాయిలరన్న అంటారు. సెలవు మార్చుకోవాలంటే ఆయనకి టీ తీసుకెళ్లాలి, ఆరోగ్యం అడగాలి, గోడకి ఆనుకుని కాసేపు నిలబడాలి, అప్పుడు అసలు సంగతి ఎత్తాలి. ఆయన ఎవరినీ కాదనడు. కానీ అడిగించుకుంటాడు.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఆయన సెలవు గురువారం, దానికి తిరుగులేదు. పిన్ని సెలవు ఈ వారం సోమవారమైతే పై వారం శనివారం. ఒకరు ఇంటికి వచ్చేసరికి ఇంకొకరు చెప్పులేసుకుంటూ ఉంటారు. వాళ్ల కాపురమంతా మూత పెట్టిన గిన్నెల మీదే నడిచేది. "మా ఆవిణ్ణి చూడాలంటే ఆవిడ టికెట్టు కొనాలి" అనేవాడు బాబాయి. అది వేళాకోళం కాదు. ఆయన బస్సు మా లాండ్రీ ముందు నుంచే పోతుంది. పనయ్యాక పిన్ని ఖాళీగా వచ్చిన బస్సుల్ని కూడా వదిలేసి ఆయన బస్సు కోసమే నిలబడేది. ఎక్కి, డ్రైవరు సీటు వెనక కడ్డీ పట్టుకునేది. ఆవిడ నెత్తి మీదే 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు. ఇంటి సంగతులన్నీ ఆ బోర్డు కిందే తేలేవి. మా వంటింట్లో కుళాయి కారుతోందని ఆ రూట్లో తిరిగే సగం మందికి తెలుసు.

ఇలా ఉండగా ఒకరోజు మా ఓనరు సారు అందర్నీ ఇస్త్రీ హాల్లో కూర్చోబెట్టి, ఇక నుంచి షిఫ్టులూ సెలవులూ రాకపోకలూ అన్నీ ఫోన్లోనే అని చెప్పారు. ఆ యాప్ నేర్పడానికి ఒక మేడం వచ్చింది. నిండు గర్భిణి. కుర్చీ వేస్తామన్నా వద్దని, బోర్లించిన బట్టల బుట్ట మీద కూర్చుని, గోడ మీద బొమ్మ వేసి అన్నీ ఓపిగ్గా చూపించింది. ప్రతి గదిలో గోడకి నలుపూ తెలుపూ గళ్ల కాగితం ఒకటి అంటిస్తారు. పనిలోకి వచ్చినప్పుడు ఫోనుని దానికి చూపిస్తే, ఎవరు ఏ గదిలో ఉన్నారో నమోదవుతుంది. ఒక్కో బండి బట్టలు పూర్తయినప్పుడల్లా నొక్కాలి. సెలవు రోజు మార్చుకోవాలంటే అందులోనే అడగొచ్చు.

పిన్ని చేయెత్తింది. మార్చుకోవడానికి ఎవరిని అడగాలి అంది. ఒకే పని చేసే ఇద్దరూ సరేనంటే చాలు, మధ్యలో ఎవరూ ఉండరు, కావాలంటే ప్రతి వారానికీ అలాగే పెట్టేసుకోవచ్చు అంది మేడం. పిన్ని చేతిలో ఉన్న తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

సారు చివర్లో ఒక మెలిక పెట్టారు. నెలాఖరు దాకా చూస్తాను, అందరూ వాడితే ఉంటుంది, లేకపోతే మళ్లీ బోర్డే, సగం ఫోన్లో సగం సుద్దలో నడపడం నా వల్ల కాదు అన్నారు. అందర్నీ దారిలో పెట్టే పని ఎవరికిద్దామని చూసి, గొంతున్న మనిషి కదా అని పిన్నికే ఇచ్చారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. పెద్దరికం వచ్చిందని సంబరపడుతోందని అందరూ అనుకున్నారు. నేను మాత్రం తువ్వాలు వంక చూశాను కాబట్టి అలా అనుకోలేదు.

ఇక ఆ వారం ఇంట్లో వంట నాదే. పిన్ని గది గదికీ తిరిగి ఎవరి ఫోను ఎలాంటిదో కనుక్కుంది. ఒకరి ఫోను పిల్లల ఆటలతో నిండిపోయి ఇంకేమీ పట్టదు. ఒకరిది మొగుడి జేబులో ఉంటుంది. ఆసుపత్రి బట్టలు గుట్టలుగా వచ్చే రోజున మొదలుపెట్టకూడదని నిర్ణయించింది. ఫోను వాడటం రానివాళ్లకి వచ్చినవాళ్లని జత చేసింది. రోలర్ దగ్గర పనిచేసే అత్తాకోడళ్లని కూడా కలిపేసరికి అత్తగారు ఎదురు తిరిగింది. ఇంట్లో నేను చెప్పింది అది వినదు, ఇక్కడ అది చెప్పింది నేను వినాలా అని ఆవిడ ప్రశ్న. కోడలు మాత్రం వెంటనే ఒప్పుకుంది.

బాబాయికి బస్సులో అంతా చెప్పింది పిన్ని. కొత్త రూటు వేసినప్పుడు మేము ముందు ఖాళీ బస్సు తిప్పి చూస్తాం, నువ్వూ ముందు ఒక్క గదిలో చూడు అని ఆయన అద్దంలోంచి సలహా ఇచ్చాడు. మీ బస్సు సంగతి వేరు అనేసింది పిన్ని. ఆవిడకి ఆత్రం.

అనుకున్న రోజు రానే వచ్చింది. పొద్దున్న అన్ని గదుల్లోనూ ఒకేసారి మొదలైంది. కాసేపటికి వాషింగ్ హాలు నుంచి మా వైపు వచ్చే బండిలో, ఉతికిన తువ్వాళ్ల పైన ఒక గలీబు, ఆ గలీబులో గలగలమంటూ ఫోన్లు వచ్చాయి. తడి వేలితో ఎంత నొక్కినా ఫోను వినట్లేదట. పొడి చేతులు ఉన్నది మడత బల్ల వాళ్లకే కదా, కాస్త మా తరఫున కూడా నొక్కండి అని కబురు. మా వాళ్లు ఎదుటివాళ్ల కష్టం చూడలేరు. తలా కొన్ని తీసుకుని మా గోడ మీదున్న కాగితానికే చూపించి అన్నీ నొక్కేశారు. చూసి రోలర్ల వాళ్లు కూడా పంపారు. మంచి పని చేశామని అందరం తృప్తిగా దుప్పట్లు మడుచుకుంటున్నాం.

ఇంతలో సారు మెట్ల మీంచి ఒక్కో అంగలో రెండేసి దిగుతూ వచ్చారు. ఆయన ఫోన్లో లాండ్రీ మొత్తం మడత బల్ల దగ్గరే నిలబడి ఉంది. వాషింగ్ హాల్లో నరపురుగు లేదు. పైప్ పగిలి అందరూ బయటికి పరిగెత్తారేమో అనుకున్నారట. హాల్లోకి తొంగి చూస్తే మిషన్లన్నీ శుభ్రంగా తిరుగుతున్నాయి, బాయిలరన్న మోచేతుల నుంచి నీళ్లు కారుతుండగా నిలబడి ఉన్నాడు.

"మీరు ఇక్కడే ఉన్నారా?" అన్నారు సారు.

"ఏమో సారూ," అన్నాడు బాయిలరన్న. "ఫోనేమంటోంది?"

హాలంతా నవ్వులు. సారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు గానీ, నవ్వుతూనే, ఇది మన తడి పనికి పొసగదమ్మా, ఈ శనివారంతో ఆపేద్దాం అని పిన్నితో అన్నారు. నవ్వని మనిషి అక్కడ ఒక్కరే. పిన్ని సరే అని కూడా అనలేదు. శనివారం దాకా ఉంది కదా సారూ అంది, అంతే.

ఆ సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకుని చాలాసేపు ఊరుకుంది. బాబాయి మాటిమాటికీ అద్దంలోకి చూస్తున్నాడు. వెనక సీట్లో వాళ్లు కూడా ఏమైందన్నట్టు చూస్తున్నారు. చివరికి జరిగింది చెప్పింది. అందరికీ ఇల్లిల్లూ తిరిగి నేర్పినట్టు నేర్పాను, ఒక్కరికీ దీని మీద మనసు లేదు అంది.

"ఎలా నొక్కాలో చెప్పావు," అన్నాడు బాబాయి గేరు మారుస్తూ. "నీకెందుకు కావాలో చెప్పావా?"

"అది ఎలా చెప్తారండీ?" అంది పిన్ని. అంత గొంతున్న మనిషి ఆ మాట కడ్డీకి మాత్రమే వినపడేట్టు చెప్పింది. మెడ దాకా ఎర్రబడింది. సిగ్గంటే ఏమిటో నాకు బాగా తెలుసు కాబట్టి నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మర్నాడు టీ వేళ అందరూ గ్లాసులు పట్టుకుని మా బల్ల చుట్టూ చేరారు. ఫోన్ల గలీబు మీద ఇంకా జోకులు నడుస్తున్నాయి. పిన్ని గ్లాసు కింద పెట్టింది.

"నాకు గురువారం కావాలి," అంది.

ఎందుకు అని ఎవరో అడిగారు.

"ఆయనకి గురువారం సెలవు. మేమిద్దరం పగటిపూట కలిసి ఇంట్లో ఉండి ఎన్నాళ్లయిందో నాకే తెలీదు."

ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. ఇన్నేళ్లకి కొత్త కాపురమా అని ఒకరు, పాపం డ్రైవరు గారికి సెలవు రోజున కూడా హారన్ మోగుతుందన్నమాట అని ఇంకొకరు. పిన్ని తువ్వాలుతో అందినవాళ్లని అందినట్టు కొట్టింది. నవ్వులు సద్దుమణిగాక కోడలు మెల్లిగా, నాకు మంగళవారం సాయంత్రం కావాలి, ఈత నేర్చుకుంటాను అంది. ఈతా అని అత్తగారు నోరు తెరిచి, కాసేపు ఆలోచించి, అయితే నాకూ మంగళవారమే కావాలి, ఇది మునిగితే లాగేవాళ్లుండాలి కదా అంది. వ్యాను డ్రైవరుకి ఆదివారం బంతాట. ఒక్కొక్కరి కడుపులోంచి ఒక్కో రోజు బయటికి వచ్చింది. ఇన్నాళ్లుగా పక్కపక్కనే నిలబడి ఈ సంగతులేవీ మాకు తెలీవు.

బాయిలరన్న మాత్రం టీ చల్లారిపోతున్నా తాగలేదు. అందరూ లేచాక పిన్ని దగ్గరికి వచ్చాడు.

"ఆ బోర్డు రాసింది నేనే కదా చెల్లెమ్మా. ఒక్క మాట అడిగితే ఇవ్వనా?"

"ఇచ్చేవాడివే అన్నయ్యా. కానీ ప్రతి వారం అడగాలి."

ఆయన బుస్సుమంటాడేమోనని నేను దుప్పటి వెనక్కి జరిగాను. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుని, మా బల్ల అంచున పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం వాషింగ్ హాలు గుమ్మం దగ్గర ఆయనే మేకులు కొట్టి ఒక చెక్క బిగించాడు. దాని మీద ఫోన్లు, పక్కన వేలాడే పొడి తువ్వాలు. చేతులు తడవక ముందు ఒకసారి, పనయ్యి తుడుచుకున్నాక ఒకసారి, అంతకు మించి నా హాల్లో ఎవరూ నొక్కరు అని ఆయనే తీర్మానించాడు. బండి బండికీ నొక్కకపోతే యాప్ ఒప్పుకుంటుందో లేదోనని పిన్ని మేడంకి ఫోన్ చేసింది. మొదటి రోజే చెప్పాను కదండీ, ఆ గదికి అది తీసేయొచ్చని, మిషన్ల చప్పుడులో వినపడలేదేమో అందావిడ. పిన్ని ఫోను పెట్టేసి, చూశావా, ఆవిడకి గొంతు లేదు అంది నాతో.

ఈసారి ఆ ఒక్క హాలుతోనే మొదలుపెట్టారు. బాయిలరన్న ముందు నిలబడి నొక్కించాడు. మర్నాడు రోలర్లు, ఆ తర్వాత మా బల్ల. శనివారం సారు కిందికి దిగి, ఫోను చూస్తూ గది గదీ తిరిగి, ఫోన్లో ఉన్న మనుషులు ఎక్కడివాళ్లక్కడ ఉన్నారో లేదో చూసుకున్నారు. ఉన్నారు. వెళ్తూ వెళ్తూ బోర్డుని గోడ నుంచి తీసేయమన్నారు.

పిన్ని అప్పటికప్పుడే గురువారం కోసం అడిగింది. మా అందరి ఫోన్లూ ఒక్కసారి బుర్రుమన్నాయి. నేను జేబులోంచి తీసేలోపే బల్లకి అవతలి చివర ఉన్నావిడ నొక్కేసింది. ప్రతి వారానికీ అని కూడా పెట్టేసింది. బాయిలరన్న కూడా నొక్కబోయాడట గానీ మీ పని వేరు అని యాప్ ఒప్పుకోలేదు. దుప్పటి మడవడం నాకు రాదని దీనికెవరు చెప్పారు అని రోజంతా గొణిగాడు. ఆయనకి టీలు మాత్రం ఇప్పటికీ వెళ్తున్నాయి. అడగాల్సింది ఏమీ లేకపోయినా గోడకి ఆనుకుని నిలబడేవాళ్లు నిలబడుతూనే ఉన్నారు.

మొదటి గురువారం పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే వాళ్లిద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు, చుట్టాలింటికి వచ్చినట్టు బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఏం చేద్దామంటావు అని బాబాయి, మీ ఇష్టం అని పిన్ని.

సాయంత్రం నేను వచ్చేసరికి వీధి మలుపులోనే పిన్ని గొంతు వినపడింది. వంటింటి సామానంతా ముందు గదిలో ఉంది. వంటింటి గోడ సగం నిమ్మపండు రంగు, సగం పాత రంగు. బాబాయి జుట్టు నిండా రంగు చుక్కలు. ఇంత పసుపైతే కళ్లు పోతాయని ఆయన, మీరే కదా ఎంచుకున్నారు అని ఆవిడ. మిగతా సగానికి వేరే రంగు వేస్తానని ఆయన, వేసి చూడండి అని ఆవిడ. పోట్లాడుకోవడానికి అంత తీరిక ఆ ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరి మొహాలూ వెలుగుతున్నాయి.

"నువ్వు చెప్పవే, ఈ రంగు బాగాలేదూ?" అని పిన్ని నన్ను మధ్యలోకి లాగింది.

నేను జవాబు వెతుక్కునేలోపే బాబాయి బ్రష్షు నీళ్లలో పడేశాడు. "దాన్నెందుకు ఇరికిస్తావు? వచ్చే గురువారం తేల్చుకుందాం" అన్నాడు.

గిన్నెలు ముందు గదిలోనే ఉన్నాయి కాబట్టి ముగ్గురం అక్కడే నేల మీద కూర్చుని, మూతలు తీసి, వేడివేడిగా తిన్నాం.