ట్రయాంగిల్ దారం

మాది ఎమ్మిగనూరు, మగ్గం నేస్తాను. నిరుడు క్రిస్మస్ పాటల కోసం చర్చిలో ట్రయాంగిల్ అనే మూడు మూలల ఇనుప వాయిద్యం నేర్చుకోవడానికి చేరాను. దాన్ని దారంతో వేలాడదీసి ఇనుప పుల్లతో మెల్లగా తట్టాలి. నేనేమో ఇనుమునే పిడికిట్లో బిగించేవాణ్ణి, అది మోగేది కాదు. అలా పట్టుకున్నప్పుడల్లా నేర్పే మాస్టారు ఆ పుల్లతోనే నా వేళ్ల కణుపుల మీద బాదేవారు.

"దాని గొంతు పిసుకుతాండావేమప్పా! వదులు!"

నాలుగోరోజు కణుపు చిట్లి రక్తం కారింది. నాతో నేర్చుకునేవాళ్లందరూ నవ్వారు. ఒళ్లు మండిపోయి, ఈసారి దారమే పట్టుకుని బలంకొద్దీ కొట్టాను. దారం తెగింది. ట్రయాంగిల్ ఎగిరిపోయి ఎదురుగా ఉన్న మాస్టారి కనుబొమను చీల్చింది. ఆయన తెల్లచొక్కా రక్తంతో తడిసిపోయింది.

కుట్లు వేయించుకుంటూ ఆయనే నన్ను ఓదార్చారు.

"దారం తెగితే నువ్వేం జేస్తావప్పా? ఏడవాకు."

ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా నూలు పట్టిన చేతులివి. ఆ దారం నలిగిపోయిందని, ఒక్క దెబ్బకు తెగుతుందని కొట్టకముందే నాకు తెలుసు.