చివరి పేజీ

బొబ్బిలి నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో ఒక సరదా డిటెక్టివ్ నవల చదువుతున్నాను. కథకి నవ్వొస్తూనే ఉంది, హీరోయిన్ మీద మాత్రం ఒళ్లు మండుతోంది. ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా దొంగల వెంట పోతుంది. "దీనికి బుద్ధి లేదు" అని పైకే అనేశాను.

పక్కన ఖాళీ చేపల తట్టతో కూర్చున్నావిడ, "ఎవుల్ని తిడతన్నావమ్మా?" అంది.

కథ చెప్పాను.

"మా గుంట కూడా ఇంతే," అంది కూతుర్ని తలుచుకుని. "ఎల్లొస్తానని ఓ మాటైనా సెప్పకుండా ఎల్లిపోనాది. ఇంకా రాలేదు." నా చేతిలోని పుస్తకం వైపు చూసి, "ఆ పిల్ల ఆకరికి ఇంటికొస్తాదా?" అని అడిగింది.

ముగింపు ముందే చూసే అలవాటు నాకు లేదు. ఆ రోజు చివరి పేజీ తీసి చూశాను.

"వస్తుందమ్మా."

"వస్తే సాలు. తిట్టకు," అని తట్ట తీసుకుని దిగిపోయింది.

ఆ తర్వాత హీరోయిన్ ఇంకా చాలా తెలివితక్కువ పనులు చేసింది. నేనేమీ అనలేదు.