అత్త అడిగిన అశోక చెట్లు

నిన్న పొద్దున పావగడలో మా ఎదురింటివాళ్లు అశోక చెట్లకు కొమ్మలు తీయిస్తున్నారు. నిచ్చెన మీదున్న మనిషి, తలలు కూడా కోసేయాలా అని కిందివాళ్లను అడుగుతుంటే, నేను కాఫీ గ్లాసు గోడ మీదే పెట్టి లోపలికి వచ్చేశాను.

క్యాతగానచెర్లులో మా మేనమామ తన భూమంతా సోలారు పార్కుకు కౌలుకిచ్చిన ఏడాది, ఇంటి ముందు వరసగా ఆరు అశోక మొక్కలు నాటించింది నేనే. వేరుశనగ పండిన మిట్ట మీద పలకలు తళతళలాడుతుంటే ఆయన చూడలేకపోయేవాడు. అడ్డంగా పచ్చగా ఏదైనా ఉంటే బాగుంటుందన్నాను. నర్సరీలో విన్న ముక్కలు గొప్పగా అప్పజెప్పాను కూడా: పక్క కొమ్మలు కత్తిరించవచ్చు, మొన మాత్రం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే చెట్టు చీపురులా విచ్చుకుంటుంది. సేద్యం పోయిన మామకు అదే సేద్యమైంది. గొర్రెబొచ్చు తీసే కత్తెర పట్టుకుని వాటికి తీరిగ్గా క్షవరం చేసేవాడు. తనకు గడ్డం గీసుకునే ఓపిక లేదుగానీ చెట్లను మాత్రం పెళ్లికొడుకుల్ని చేస్తున్నాడని అత్త నవ్వేది. బిందెలతో నీళ్లు మోసింది మాత్రం ఆమే.

కొన్నేళ్లకు అత్తకు కాళ్లు పడిపోయాయి. వరండాలో మంచం వేశారు. అక్కడినుంచి ఆ చెట్లు తప్ప ఏమీ కనిపించవు. ఒక ఆదివారం నన్ను దగ్గరికి పిలిచి, వాటి తలలు తీయమని మామకు చెప్పమంది. చేను చూడాలట.

“ఆడ చేనేముందత్తా, అద్దాలే కదా” అన్నాను.

“అద్దాలు వాళ్లవి. కింద మన్ను మనదే కదప్పా. ఒకసారి చూడాల.”

మామకు ఆ మాట చెప్పాను. ఆయన నా ముఖం చూశాడు. ఇన్నేళ్ల అందం చెడిపోతుందని, వానలు పడ్డాక చూద్దామని నేనే అన్నాను. ఆయన తలూపాడు. అత్త మళ్లీ అడగలేదు; రెండోసారి అడగడం ఆమెకు అలవాటు లేదు. వానలకు ముందే పోయింది.

కర్మ ముగిసి చుట్టాలు వెళ్లాక మామ నిచ్చెన వేసుకున్నాడు. నేను పట్టుకున్నాను. ఆరు చెట్లనూ మనిషెత్తుకు కోసేశాడు. వెనక మిట్ట బయటపడింది. దిగి వచ్చి, అత్త మంచం మీద కూర్చుని అటే చూశాడు.

“ఇంతే పనప్పా. అరపూట గూడా పట్టల్యా.”

 

ఆ ఏడాది వానలు బాగానే పడ్డాయి. వాయిదా వేసింది నేను. అందులో కరిగిపోయిన కాలం మాత్రం ఆమెది.