మూడో అంతస్తులో ఆవు

మా ఇంట్లో ఏ జంతువు ఎందుకుందో చిన్నప్పటి నుంచి నాకు బాగా తెలుసు. ఎడ్లు దున్నడానికి, బండి కట్టడానికి. బర్రెలు పాలకు. మేకలు అవసరం పడ్డప్పుడు అమ్ముకోవడానికి. కోళ్లు గుడ్లకూ, చుట్టాలొస్తే కూరకూ. ఎండాకాలం గొర్లకాపరులు మంద తోలుకొచ్చి రాత్రిళ్లు మా చేలో ఆపేవారు, ఆ ఎరువు కోసం మా నాన్న వాళ్లకు జొన్నలు పోసేవాడు. పని లేని ప్రాణికి మా కొట్టంలో చోటు ఉండేది కాదు. కుక్క కూడా అరవడం మానేస్తే దానికి అన్నం పెట్టడం మా నాన్న మానేసేవాడు.

అలాంటి ఇంట్లో ఇప్పుడు మిగిలిన ఒక్క ఆవు ఎందుకుందో నాకు అర్థమయ్యేది కాదు. చేను పోయింది, ఎడ్లు పోయాయి, నాన్న పోయాడు. పోతిరెడ్డిపల్లిలో మా చేనంతా ప్లాట్లయింది, ప్లాట్లు ఇళ్లయ్యాయి. ఆ ఇళ్ల చివర మా పాత ఇల్లు, పక్కన రేకుల కొట్టం, అందులో ఒక నాటావు, దాని దూడ, వాటి దగ్గర పీట వేసుకుని మా అమ్మ. అది ఇచ్చే పాలు దాని దూడకే చాలవు. మేము పాకెట్ పాలు కొనుక్కుంటాం. కొట్టంలో ఆవును పెట్టుకుని, పొద్దున్నే పాకెట్ కత్తిరించి టీ పెట్టుకునే ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

పటాన్‌చెరులో షిఫ్టు దిగి, కంపెనీ బస్సు దిగి, బైకు తీసుకుని ఊరి బయటికి పోయి గడ్డిమోపు తెచ్చేది నేను. గుమ్మడిదల నుంచి డ్యూటీకి వచ్చే దోస్తు ఒకసారి మంచి పచ్చగడ్డి తెచ్చి ఇచ్చాడు. అక్కడి వాగులో కంపెనీల నీళ్లు కలుస్తాయని విన్న అమ్మ, ఆ మోపును కొట్టం గడప కూడా దాటనివ్వలేదు. అదే నీళ్ల పక్కన పండిన కూరగాయలు మనం తింటున్నాం కదా అంటే, "నువ్వు తింటవ్ గని, అది నోరులేనిది, దానికేం ఎర్క?" అంది. పేడ ఎత్తేది నా భార్య. "మీ అమ్మకేమో ఆవు, నాకేమో పెండ. మంచిగనే పంచుకున్నం," అని రోజూ అంటుంది.

ఇది చాలదన్నట్టు కాలనీ సంఘం. దాని కార్యదర్శి కోస్తా నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరై, మా పాత చేలోనే ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. గొంతు పెంచడు. అదే నాకు ఇంకా ఇబ్బంది.

"మీరేమీ అనుకోకండీ. దోమలండీ, వాసనండీ. నిన్న మా ఆవిడ పేడలో జారి పడబోయిందండీ. ఊరు పెరిగిందిగా, మనమూ మారాలి కదండీ," అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమే అయింది. నేను చెప్పలేనిది ఆయన చెప్పాడు. హత్నూర దగ్గర మా అక్కకు ఇంకా చేను ఉంది, ఆవును అక్కడికి పంపేద్దామని తేల్చేశాను. ఆదివారం రమ్మని ట్రాలీ ఆటో అతనికి ఫోన్ చేశాను, కార్యదర్శికీ ఆ మాట చెప్పాను. అమ్మకు చెబితే దూడ మెడ నిమురుతూ కూర్చుంది.

"అది పోతే నేనేడికి పోవాలెరా?" అంది.

ఆవు పోతే అమ్మ ఎక్కడికో పోవడమేమిటి? టీవీ చూసుకో అన్నాను. నాతో మాట్లాడటం మానేసింది.

ఆవు మీద ఇన్ని ఫిర్యాదులు చేసే కాలనీకి, గృహప్రవేశం వచ్చిందంటే మాత్రం అదే ఆవు కావాలి. కొత్త ఇంట్లోకి మొదట ఆవూ దూడా నడవాలి కదా. నిన్న ముక్కు మూసుకున్నవాళ్లే తెల్లవారకముందే మా కొట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. అమ్మ ఒక్కరికీ కాదనలేదు. ఆవుకు స్నానం చేయించి, కొమ్ములకు పసుపు రాసి, తను పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని బయలుదేరుతుంది. ఆకూ వక్కా తప్ప ఏమీ పుచ్చుకోదు. మనల్ని పొమ్మనేవాళ్ల ఇంటికి ఎందుకు పోతావని నేను ఎన్నిసార్లు అరిచానో.

ఆ వారమే కార్యదర్శి మళ్లీ వచ్చాడు. ఈసారి చేతులు జోడించి.

"మా అమ్మాయి వాళ్లు కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ తీసుకున్నారండీ. శుక్రవారం ముహూర్తం. ఆదివారం ఎలాగూ పంపించేస్తున్నారు కదా, ఈ ఒక్క పూట..."

లోపలి నుంచి అమ్మే "వస్తం సార్" అంది. మూడు రోజుల తర్వాత ఆమె గొంతు వినడం అదే.

ఫ్లాటు మూడో అంతస్తులో. ఇన్నాళ్లూ మా ఆవు పోయినవన్నీ నేలమీది ఇళ్లే. మామూలుగా అపార్ట్‌మెంట్లలో కింద పార్కింగ్‌లోనే ఆవుకు పూజ చేసి పంపేస్తారట. కార్యదర్శి ఒప్పుకోలేదు, గడప దాటాల్సిందే అన్నాడు. దూడను ముందు పెట్టి, అమ్మ గడ్డి చూపిస్తూ, నేను వెనక నుంచి తోస్తూ ఎక్కించాం. ఆవు పేచీ పెట్టకుండా ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాళ్లు కడిగారు, హారతి ఇచ్చారు, దండ వేశారు. ఆవు హాల్లోకి నడిచి, తళతళలాడే టైల్స్ మధ్య నిలబడి, పేడ వేసింది. శుభం, శుభం అని అందరూ మురిసిపోయారు. మా కొట్టం ముందు జారి పడబోయిన ఆవిడే పరుగున వచ్చి గోమూత్రం కోసం చెంబు పట్టుకుని నిలబడింది. ఆవును నేను అంతగా తిట్టుకున్న రోజు లేదు, ఆ మనుషులనూ అంతే.

అసలు సంగతి దిగేటప్పుడు తెలిసింది. ఆవు మెట్ల దగ్గరికి వచ్చి కిందికి చూసింది. ఒక కాలు పెట్టింది, జారింది, వెనక్కి తీసుకుంది. ఇక కదల్లేదు. లాగాం, తోశాం, గడ్డి చూపించాం, అరటిపండు చూపించాం. పండు తిని నిలబడింది. ఎక్కించడం గురించి అందరం ఆలోచించాం గానీ దింపడం గురించి ఒక్కరమూ ఆలోచించలేదు. లిఫ్ట్‌లో దింపుదామని ఎవరో సలహా ఇచ్చారు. ఆ లిఫ్ట్‌లో దాని తల మాత్రమే పట్టింది. పంతులుగారు దక్షిణ తీసుకుని ఆవు పక్క నుంచి ఒదిగి వెళ్లిపోయారు. టెర్రస్ మీద భోజనాలు మొదలయ్యాయి. పైకి పోయేవాళ్లందరూ ఆవుకు దండం పెట్టి, నా వైపు చిరాకుగా చూసి పోతున్నారు.

నాకు రెండో షిఫ్టు. బస్సు వెళ్లిపోయే వేళ అయింది, వెళ్లిపోయింది కూడా. సూపర్‌వైజర్‌కు ఏమని చెప్పాలి? ఆవు మెట్లు దిగడం లేదనా? చెబితే ఫోన్ స్పీకర్‌లో పెట్టి లైనంతటికీ వినిపిస్తాడు.

ఇంతకీ అమ్మ ఎక్కడా కనబడలేదు. వెతికితే ఫ్లాటు బాల్కనీలో ఉంది. రెయిలింగ్ పట్టుకుని నిలబడి, కాలనీ వైపు చూస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈడ నేను పరేషాన్ అయితుంటే నువ్వు గాలికి నిలవడ్డవా?"

అమ్మ తిరగలేదు. వేలు చాపింది.

"గా తెల్ల ట్యాంకి ఇల్లు సూడు. ఆడ మన జొన్న చేను. దాని పక్కదుంది సూడు, పచ్చ గోడ, ఆడ కళ్లం ఉండె. ఆళ్ల దేవుని అర్ర ఉన్న జాగలనే మీ నాయిన ధాన్యం రాశి పోసేటోడు. ఈ సార్ వాళ్ల ఇల్లు ఎడ్లను కట్టేసిన కాడ."

"గివన్నీ నువ్వెట్ల గుర్తుపడ్తున్నవ్?"

"లోపటికి పొయ్యి సూసొచ్చిన గద, ఒక్కొక్కటి."

నేనూ పక్కకు వెళ్లి రెయిలింగ్ పట్టుకున్నాను. ఆమే అంది.

"ఊకె పోతే ముసల్దాన్ని ఎవలు రానిస్తరు బిడ్డా? గేటు కాడ నిలవెట్టి, ఏం గావాలె అంటరు. ఆవుతోని పోతే ఇంటోళ్ల కన్న ముందుగాల నన్నే రమ్మంటరు."

తర్వాత మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ఖాళీ ప్లాటు చూపించింది. చుట్టూ గోడ, గేటుకు తాళం. "బాయి జాగ ఒక్కటే మిగిలింది. ఈ ఊరికొచ్చినంక నేను మొదలు నీళ్లు తోడింది ఆడనే. పూడ్చిన్రు."

కోపం ఎక్కడికీ పోలేదు, కాకపోతే అది ఎవరి మీదో తెలియకుండా పోయింది. ఇన్నేళ్లూ ఆమె ఆవును తోలుకుపోతోందని అనుకున్నాను. ఆవే ఆమెను తీసుకుపోతోంది, ఆమె చేలోకి.

బయటికొచ్చి దూడను ఎత్తి భుజాల మీద వేసుకున్నాను. నెల దాటిన దూడ, బరువు మామూలుగా లేదు, పైగా గింజుకుంటోంది. మెట్ల మీద వాచ్‌మన్ చేత గోనెసంచులు పరిపించి దిగడం మొదలుపెట్టాను. కింది మలుపు దగ్గర దూడ అంబా అని అరిచింది. పైనుంచి ఆవు ఇంకా గట్టిగా అరిచింది. అది అరుస్తూ, వణుకుతూ, ఒక్కో కాలు వెతుక్కుంటూ దిగింది. కొత్త చొక్కా పాడైంది, నడుం పట్టేసింది. ఆ నొప్పి ఇప్పటికీ చలికాలంలో పలకరిస్తుంది.

కింద కార్యదర్శి స్వీటు డబ్బా చేతిలో పెట్టాడు.

"చాలా కష్టపడ్డారండీ. ఆదివారం మరి... గుర్తుంది కదండీ?"

"సూద్దాం సార్," అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. నేను ఆగలేదు. అమ్మ ఆవును పట్టుకుని ముందు నడుస్తోంది. తాళం వేసిన గేటు దగ్గర ఆగింది. సందులోంచి లోపలికి తొంగి చూసింది. పిచ్చి చెట్లు తప్ప ఏమీ లేవు.

"వీళ్లెప్పుడు కట్టుకుంటరో ఏమో. జెర అర్సుకో బిడ్డా. జల్దీ కట్టుకోమని చెప్పు," అంది.

తన బావి మీద ఇల్లు తొందరగా లేవాలని కోరుకునే మనిషితో ఎవరు వాదిస్తారు? ట్రాలీ ఆటో అతనికి ఫోన్ చేసి ఆదివారం రావద్దన్నాను. ఎందుకని అడిగాడు.

"మా అమ్మ ఇంకో ఇంట్లకు పోయేదున్నది," అన్నాను.